పైపులు మార్చాలా వద్దా: ముందు ఏ పైపో తేలాలి

ప్రశ్న: మాది అనంతపురం. మా మామగారు 1988లో కట్టిన ఇల్లు. 1996లో పైన మిద్దె వేశారు. కింద మేము, పైన బాడుగవాళ్ళు ఉంటాం. వాడుకకు బోరు నీళ్ళు మిద్దె మీద ట్యాంకుకు ఎక్కుతాయి. మున్సిపల్ నీళ్ళు సంపులో పడతాయి, తాగడానికీ వంటకూ అవే. పైపులన్నీ అప్పటి జీఐ పైపులే. పైన బాత్రూంకు మాత్రం పదేళ్ళ కిందట టైల్స్ వేయించినప్పుడు సీపీవీసీ వేశారు. ఇప్పుడు పొద్దున్నే కొళాయి తిప్పితే ఒక బకెట్ దాకా ఎర్రనీళ్ళు వచ్చి తర్వాత తేటపడుతున్నాయి. తెల్లబట్టలు పాడైపోతున్నాయి. పైన బాత్రూంలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని బాడుగవాళ్ళు రోజూ చెప్తున్నారు. వంటింటి గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. ఈ ఏడాదిలో రెండుచోట్ల లీకైతే ఎంసీల్ పెట్టించాం. ఒక ప్లంబర్ "మొత్తం పీకేయాల్సిందేనమ్మా" అని 1,20,000 రూపాయలు చెప్పాడు. ఇంకొకాయన యాసిడ్ పోసి కడిగితే చాలు, మూడు వేలు అన్నాడు. మా ఆయనేమో "నీళ్ళు వస్తానే ఉన్నాయి కదా, పైపులకేం రోగం" అంటారు. ఎవరి మాట వినాలి? అన్నట్టు, నెల రోజులుగా మున్సిపల్ నీళ్ళు వదిలినప్పుడు మొదట కాసేపు కాలవ వాసన వస్తోంది. తర్వాత పోతోంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: అమ్మా, మీరు "అన్నట్టు" అని చివర్లో రాసిన మాట నుంచే మొదలుపెడతాను. ఎర్రనీళ్ళు, సన్నధార, గోడ పెచ్చులు ఇంకో నెల ఆగినా కొంపలేం మునిగిపోవు. కాలవ వాసన మాత్రం ఈ రోజే చూడాల్సిన పని. ప్లంబర్లిద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అన్నట్టు లేదు. మీరు చెప్పి ఉండరు, వాళ్ళు అడిగి ఉండరు.

మన ఊరికి మున్సిపల్ నీళ్ళు పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నుంచి వస్తాయి. శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వదులుతారు. అక్కడ ఎంత శుద్ధి చేసినా, వీధిలో ఉన్న పెద్ద లైన్ నుంచి మీ సంపు దాకా వచ్చే సన్నటి పైపుకు కన్నం పడితే ఆ కష్టమంతా వృథా. పాత వీధుల్లో ఈ పైపు చాలాచోట్ల పక్క కాలవ గుండానే దూరి వస్తుంది. జీఐ పైపు, అంటే ఇనుప పైపు, మురుగులో ఏళ్ళతరబడి నానితే బయటినుంచే తినేసుకుంటుంది. నీళ్ళు వదిలినంతసేపూ లోపలి ఒత్తిడికి కన్నంలోంచి మంచినీళ్ళు బయటికి పోతుంటాయి. అప్పుడు నష్టం నీళ్ళకే. నీళ్ళు ఆపేశాక లైన్ ఖాళీ అవుతూ గాలిని లోపలికి లాగుతుంది, గాలితోపాటు కాలవ నీళ్ళనూ లాక్కుంటుంది. మళ్ళీ వదిలినప్పుడు మొదట వచ్చేది ఆ మురుగే. మీరు రాసిన "మొదట కాసేపు వాసన, తర్వాత పోతుంది" అన్నది సరిగ్గా ఇదే. వాసన పోయిందని నీళ్ళు బాగుపడినట్టు కాదు, ఎందుకంటే ఆ మొదటి నీళ్ళు అప్పటికే సంపులో కలిసిపోయి ఉంటాయి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు ఇట్లాంటి దారిలోనే ఇంట్లోకి వస్తాయి.

ఈసారి నీళ్ళు వదిలే ముందు ఇరుగుపొరుగును అడగండి. వాళ్ళకూ వాసన వస్తుంటే తప్పు వీధి లైన్‌లో ఉన్నట్టు. నలుగురూ కలిసి మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీ ఒక్క ఇంటికే వస్తుంటే మీ కనెక్షన్ పైపు పోయినట్టు. అది మార్చడం మీ బాధ్యతే. రోడ్డు తవ్వాలి కాబట్టి అనుమతి మాత్రం ఆఫీసు నుంచి తీసుకోవాలి. ఈలోగా సంపు ఖాళీ చేయించి, కడిగించి, బ్లీచింగ్ వేయించండి. నీళ్ళు వదిలినప్పుడు మొదటి పది పదిహేను నిమిషాలు బయటికి పోనిచ్చి తర్వాతే సంపులోకి మళ్ళించండి. తాగే నీళ్ళు బాగా తెర్లనిచ్చి, ఆ తర్వాత ఇంకో నిమిషమైనా పొయ్యి మీదే ఉంచండి. బ్యాక్టీరియా ఉందో లేదో చూసే హెచ్2ఎస్ సీసాలు దొరుకుతాయి. గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు ఉంచితే, మురుగు కలిసిన నీళ్ళైతే నల్లబడతాయి.

మున్సిపల్ నీళ్ళ మీద భయం పుట్టి బోరు నీళ్ళు తాగడం మొదలుపెట్టేరు, అది వద్దు. మన జిల్లాలో బోరు నీళ్ళకు ఫ్లోరైడ్ బెడద ఎంతుందో మీకు తెలియంది కాదు. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెప్తుంది. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు. పైపులు మార్చినా పోదు.

ఇంకొక మాట. మున్సిపల్ కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. మీరు లాగుతున్నారని అనడం లేదు. కానీ పక్కింటివాళ్ళు లాగినా ఆ గుంజుడుకు కన్నాల్లోంచి మురుగు ఇంకా ఎక్కువగా లోపలికి వస్తుంది. నీళ్ళు సంపులో వాటంతట అవే పడాలి, మోటారు సంపులోంచి తోడుకోవాలి.

వాసన మీ ఒక్క ఇంటికేనని తేలితే ఆ కనెక్షన్ పైపు మార్చాల్సిందే. మళ్ళీ జీఐ వేయించకండి. నీలి గీతలున్న నల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు చుట్టగా వస్తుంది. రోడ్డు దగ్గర నుంచి సంపు దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వేయించండి. కాలవ దాటేచోట దాన్ని ఇంకో లావు పైపులో దూర్చి, వీలైతే కాలవ అడుగుకు కిందుగా తీసుకెళ్ళమనండి.

ఇప్పుడు బోరు నీళ్ళ లైన్. ఇక్కడ అసలు చిక్కు ఏమంటే మీరు చెప్పిన నాలుగు లక్షణాలకు ఒకే కారణం ఉండాలని లేదు. ప్లంబర్ నాలుగింటినీ ఒకే మూట కట్టి ధర చెప్పాడు. మీ ఆయన నాలుగింటినీ ఒకే మాటతో కొట్టిపారేశారు. విడదీసి చూస్తే ఖర్చు తగ్గుతుంది, గొడవా తగ్గుతుంది.

ఎర్రనీళ్ళు పైపు నుంచి రావచ్చు, భూమిలోంచే రావచ్చు. తేల్చుకోవడం సులువు. రాత్రి పడుకునే ముందు కొళాయిలన్నీ కట్టేసి, పొద్దున నాలుగు గాజు గ్లాసులు తీసుకోండి. మొదటిది, పొద్దున తిప్పగానే కొళాయిలో వచ్చిన నీళ్ళు. రెండోది, అదే కొళాయి ఐదు నిమిషాలు వదిలాక పట్టిన నీళ్ళు. మూడోది, మిద్దె మీద ట్యాంకులోంచి చెంబుతో ముంచినవి. నాలుగోది, మోటారు వేసి బోరు నోటి దగ్గర పట్టినవి. నాలుగూ కిటికీలో పెట్టి ఒక గంట తర్వాత చూడండి.

మొదటి గ్లాసు ఒక్కటే ఎర్రగా ఉండి, అడుగున ఇసుకలాగా తుప్పు రవ్వలు దిగితే, రాత్రంతా నిలవున్న నీళ్ళు పైపును తిన్నాయన్నమాట. బోరు గ్లాసు పట్టినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలేకొద్దీ పసుపు రంగుకు, తర్వాత ఎరుపుకు తిరిగితే ఇనుము భూగర్భజలంలోనే ఉంది. అప్పుడు ఇల్లంతా బంగారు పైపులు వేయించినా ఎర్రనీళ్ళే వస్తాయి. దానికి ఇనుము పట్టే ఫిల్టరు కావాలి. మూడో గ్లాసు ఒక్కటే మురికిగా ఉంటే ట్యాంకు కడిగి ఎన్నాళ్ళైందో గుర్తు చేసుకోండి. వేడినీళ్ళు మాత్రమే ఎర్రగా వస్తుంటే గీజర్ లోపలి డ్రమ్ము తుప్పు పట్టి ఉంటుంది, గీజర్ మెకానిక్‌ను పిలవండి. మీరు రాసిన "ఒక బకెట్ దాకా, తర్వాత తేట" అన్న వరస చూస్తే పైపే అనిపిస్తోంది. అయినా గ్లాసులు పెట్టి చూడండి. ఖర్చేమీ లేదు, మీ ఆయనకు చూపించడానికీ పనికొస్తుంది.

పైన బాత్రూంలో సన్నధార విషయంలో తొందరపడొద్దు. మిద్దె మీద ట్యాంకు నుంచి పది మీటర్ల కిందికి దిగితే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మీ పై ఇంటి కొళాయి ట్యాంకుకు రెండు రెండున్నర మీటర్ల కిందే ఉంటుంది, అంటే కిలోలో పావు వంతు. కింద మీ ఇంటికి అంతకు రెట్టింపు. కాబట్టి పైవాళ్ళకు ఎప్పుడైనా తక్కువే వస్తుంది, దారిలో చిన్న అడ్డం పడినా ముందు వాళ్ళకే తెలుస్తుంది. పైగా ఆ బాత్రూంలో పైపులు కొత్తవి. సీపీవీసీ ప్లాస్టిక్ కాబట్టి తుప్పు పట్టదు. అంటే అడ్డం బాత్రూంలోని జాలీల్లో ఉండాలి, లేకపోతే బాత్రూం దాకా వచ్చే దారిలో ఉండాలి.

ముందు కొళాయి మూతికున్న జాలీ విప్పించండి. షవర్ తల, గోడలో ఉండే యాంగిల్ కాక్ కూడా. మన ఉప్పునీళ్ళకు అవి తెల్లగా గట్టిపడి ఉంటాయి. ఒక రాత్రి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెడితే వదులుతుంది. ఒక్క కొళాయిలోనే సన్నగా వస్తుంటే కథ అక్కడితో సరి.

అన్ని కొళాయిల్లోనూ సన్నగానే వస్తుంటే ట్యాంకు దగ్గరికి వెళ్ళి, బయటికొచ్చే పైపుకున్న గేట్ వాల్వ్ చూడండి. పాత ఇత్తడి గేట్ వాల్వ్‌లకు ఒక జబ్బుంది. లోపలి పలక కాడ నుంచి ఊడిపోయి సగం కిందికి జారి కూర్చుంటుంది. పైన చక్రం తిప్పితే తిరుగుతూనే ఉంటుంది, తెరిచినట్టే కనిపిస్తుంది, పలక మాత్రం కదలదు. పైపులన్నీ మార్చాలని ధరలు మాట్లాడుకుని, చివరికి ఆ వాల్వ్ ఒక్కటి మార్చగానే ధార బాగుపడిన ఇళ్ళు లేకపోలేదు. కొన్ని వందల రూపాయలతో పోయే పని. దాని బదులు బాల్ వాల్వ్ పెట్టించండి. గాలి పట్టడం ఇంకో కారణం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యి నిండిన తర్వాతే ధార తగ్గితే దాన్ని అనుమానించాలి. ట్యాంకు నుంచి దిగే పైపుకు పైన గాలి పోయే నిలువు గొట్టం ఉందో లేదో చూడండి.

ఇవన్నీ బాగున్నా ధార సన్నగానే ఉంటే బకెట్ పరీక్ష చేయండి. జాలీ తీసేసిన కొళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నిమిషం, నిమిషంన్నర అయితే మామూలే. మూడు నాలుగు నిమిషాలు పడితే దారి మూసుకుపోతోంది. తర్వాత ఆ కొళాయి వదిలిపెట్టే ఉంచి, కింద మీ ఇంట్లో ఒక కొళాయి తిప్పండి. పైన ధార చచ్చిపోతే ఇద్దరికీ కలిసి దిగే పైపే ఇరుకైందని అర్థం.

ఇక గోడ చెమ్మ. మన ఊళ్ళో వానలు ఎంత తక్కువో తెలుసు కదా. వాన లేని నెలల్లో కూడా గోడ తడిగా ఉంటే ఆ నీళ్ళు ఇంట్లోవే. కానీ మంచినీళ్ళ పైపు నుంచా, పై బాత్రూం మురుగు పైపు నుంచా అన్నది తేలాలి. ట్యాంకు లైన్‌లో నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడితో నిలబడి ఉంటాయి. మురుగు పైపులో వాడినప్పుడే పారతాయి. బాడుగవాళ్ళకు నచ్చజెప్పి ఆ బాత్రూం రెండు మూడు రోజులు వాడకుండా ఉండమనండి. తడి అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. బాత్రూం వాడకపోయినా గీత దాటి తడి పెరుగుతుంటే నీళ్ళ పైపు పోయినట్టు. గోడ ఆరడం మొదలుపెడితే నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ) దగ్గరో, కమోడ్ కిందో కారుతున్నట్టు. అప్పుడు జీఐ పైపులన్నీ మార్చినా మీ వంటింటి గోడ బాగుపడదు. తడి నేల నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా సమానంగా ఎక్కి, తెల్లటి ఉప్పు పూస్తుంటే అది పునాది నుంచి వచ్చే చెమ్మ. దానికీ పైపులకూ సంబంధమే లేదు.

నీళ్ళ పైపుదే అనుకుంటే ఒక రాత్రి ట్యాంకు నిండా నింపి, మోటారు కట్టేసి, కొళాయిలన్నీ కట్టి, ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పొద్దున మట్టం దిగితే ఎక్కడో కారుతోంది. మర్నాడు రాత్రి ట్యాంకు దగ్గరి వాల్వ్ కూడా కట్టేసి చూడండి. అప్పుడూ దిగితే తప్పు ట్యాంకుదే. ఫ్లష్ ట్యాంకులు మాత్రం మర్చిపోకండి, రాత్రంతా సన్నగా కమోడ్‌లోకి కారుతూ లెక్క తప్పిస్తాయి. ఫ్లష్ ట్యాంకులో బట్టలకు పెట్టే నీలిమందు రెండు చుక్కలు వేసి వదిలేయండి. ఫ్లష్ నొక్కకుండానే కమోడ్‌లో నీలం కనబడితే దొరికినట్టే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ రెండు లీకులు. అవి ఎక్కడొచ్చాయో మీరు రాయలేదు. ఒకే అతుకు దగ్గర రెండుసార్లు కారితే ఆ అతుకు సరిగ్గా చేయలేదని అనుకోవచ్చు. ఒకటి వంటింట్లో, ఒకటి మెట్ల కింద అంటే మాత్రం లైన్ అంతటా వయసు మీదపడింది. జీఐ పైపు అంటే ఇనుప పైపుకు జింకు పూత. పూత ఉన్నంతకాలం ఇనుముకు భయం లేదు. అతుకు కోసం మర వేసినప్పుడు ఆ చోట పూతా పోతుంది, పైపు మందమూ తగ్గుతుంది. అందుకే ఎల్బోలు (వంపు అతుకులు), టీలు (మూడు దారుల అతుకులు) ఉన్నచోట ముందు పోతాయి. జీఐకి నేరుగా ఇత్తడి కొళాయి బిగించినచోట ఇంకా తొందరగా పోతుంది, రెండు వేర్వేరు లోహాలు నీళ్ళలో కలిస్తే ఇనుమే అరుగుతుంది. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ళ లైన్ చల్లనీళ్ళ లైన్ కంటే ముందు వెళ్ళిపోతుంది. మంచి నీళ్ళున్న ఊళ్ళో జీఐ నలభై యాభై ఏళ్ళు నిలిచిందంటే నమ్మొచ్చు. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళకు అన్నేళ్ళు ఆశించకూడదు. మీది 1988 నాటిది. తన వంతు సేవ చేసేసింది.

అయినా వయసు చూసి తీర్పు చెప్పను. ఒక ముక్క కోయించి చూడండి. మిగతా పరీక్షలన్నీ అనుమానాన్ని పెంచడానికో తగ్గించడానికో పనికొస్తాయి, ఇది తేల్చేస్తుంది. ట్యాంకు వాల్వ్ కట్టేసి, దిగే పైపులో ఎల్బో పక్కన జానెడు ముక్క కోయమనండి. అరంగుళం పైపు లోపల మామూలుగా 16 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ముక్కను వెలుతురుకు పట్టి చూడండి. లోపల ఎర్రటి గడ్డలు గడ్డలుగా తుప్పు పేరుకుని, మధ్యలో వంకర కన్నం మిగిలి ఉంటుంది. పెన్సిల్ దూర్చండి. పెన్సిల్ ఇరుకుగా దూరిందంటే ఖాళీ సగానికి సగం తగ్గింది, అంటే నీళ్ళు పోయే చోటు నాలుగో వంతుకు పడిపోయింది. గడ్డలను స్క్రూడ్రైవర్‌తో గీకి చూడండి. కింద గట్టి ఇనుము తగిలితే ఇంకొన్నేళ్ళు నెట్టుకురావచ్చు. రేకులు రేకులుగా రాలి, గుంటలు పడి, అంచు కాగితంలా పలచబడి ఉంటే ఇక మరమ్మతు మాట ఎత్తొద్దు.

ఈ కోత పని పొద్దున్నే, షాపులు తెరిచి ఉండే రోజు పెట్టుకోండి. పాత జీఐ అతుకు విప్పడం మన చేతిలో ఉంటుంది, మళ్ళీ బిగించడం ఉండదు. ఒకటి తిప్పుతుంటే పక్కది విరుగుతుంది. ఆదివారం సాయంత్రం విప్పి కూర్చుంటే రాత్రంతా రెండు ఇళ్ళకు నీళ్ళుండవు, ఆ టెన్షన్ మీకెందుకు. ఒక ఎల్బో మార్చబోతే వరసగా రెండు మూడు విరిగాయంటే అదీ ఒక సమాధానమే.

యాసిడ్ మాట వినకండి. పైపు లోపల కట్టిన గారను యాసిడ్ కరిగిస్తుంది, నిజమే. మిగిలిన జింకునూ, ఇనుమునూ కూడా కరిగిస్తుంది. మీ పైపుల్లో చాలాచోట్ల కన్నాన్ని మూసి ఉంచింది ఆ తుప్పే. అది కరిగాక ఇప్పుడున్న రెండు లీకులు పది అవుతాయి. ఆ పది ఎక్కడ? గోడల లోపల. కంప్రెసర్ గాలితో ఊదించడం కూడా పాత జీఐకి మంచిది కాదు.

కొళాయి మూతికి తెల్లగా కట్టడం, సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఉడకకపోవడం చూపించి పైపులు మార్చాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. అది నీళ్ళ కఠినత్వం. లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, తప్పనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మన బోర్లలో ఆ పై అంకె కూడా దాటే చోట్లున్నాయి. కొత్త పైపులకూ ఆ నీళ్ళే వస్తాయి.

ముక్క కోసి చూశాక మార్చక తప్పదని తేలితే, "మొత్తం" అన్న మాటకు అర్థం ప్లంబర్‌తో కూర్చుని తేల్చుకోండి. పై బాత్రూం టైల్స్ జోలికి వెళ్ళనక్కర్లేదు, అక్కడి పైపు కొత్తదే. అక్కడ సీపీవీసీ పాత జీఐతో కలిసే అతుకు ఒక్కటే విప్పి చూడాలి, తుప్పంతా అక్కడే పేరుకుని ఉంటుంది. గోడల్లో, కింద బండల అడుగున ఉన్న పాత పైపులను తవ్వి తీయాల్సిన పని కూడా లేదు. రెండు కొసలా డమ్మీలు (మూతలు) బిగించి అక్కడే వదిలేయొచ్చు. కొత్త లైన్ గోడ బయటినుంచి క్లిప్పులతో దింపి, ప్రతి గదికీ ఎదురుగా ఒక కన్నం వేసి లోపలికి తీసుకోవచ్చు. చూడ్డానికి అంత బాగోదు, మీ ఆయన ముందు దీనికే అడ్డం చెప్తారేమో. కానీ గోడలు చెక్కడం, మళ్ళీ గార చేయడం, రంగులు వేయడం అన్న ఖర్చంతా తప్పుతుంది. కొత్త లైన్ పూర్తయ్యేదాకా పాత లైన్ నడుస్తూనే ఉంటుంది, బాడుగవాళ్ళకు ఒక పూట ఇబ్బందితో పోతుంది. మీకు చెప్పిన 1,20,000లో సామాను ఎంత, కూలి ఎంత, గోడ పని ఎంత అని విడివిడిగా రాయించుకోండి. గోడ పని తీసేస్తే ఎంత దిగుతుందో మీకే కనబడుతుంది.

చల్లనీళ్ళకు యూపీవీసీ, గీజర్ లైన్‌కు సీపీవీసీ వేయించండి. సీపీవీసీ 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. యూపీవీసీ 45 దాటితే మెత్తబడుతుంది. మన మే నెల ఎండకు మధ్యాహ్నం మిద్దె మీద పైపు ముట్టుకుంటేనే చెయ్యి చురుక్కుమంటుంది, కాబట్టి ట్యాంకు నుంచి దిగే ఎండ భాగానికి కూడా సీపీవీసీ వేయించి, పైన నీళ్ళలో కలిపే తెల్ల పెయింటు రెండు కోట్లు పూయించమని నా సలహా. ఎండకు వదిలేసిన ప్లాస్టిక్ పైపు కొన్నేళ్ళకు పెళుసెక్కుతుంది. పైపు మీద అచ్చేసిన అక్షరాలు చదవండి. యూపీవీసీ అయితే ఐఎస్ 4985, సీపీవీసీ అయితే ఐఎస్ 15778 అని ఉండాలి. ట్యాంకు నుంచి దిగే పెద్ద పైపు కనీసం అంగుళం పెట్టించండి, పైవాళ్ళ బాధ సగం దాంతోనే తీరుతుంది. ప్రతి బాత్రూంకూ, వంటింటికీ విడివిడిగా బాల్ వాల్వ్ ఉండాలి.

ప్లంబర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇది చాలామంది మర్చిపోతారు. పాత ఇళ్ళలో గీజర్, మోటారు, ఒక్కోసారి ఇంటి మొత్తం ఎర్త్ వైరు తెచ్చి నీళ్ళ పైపుకు చుట్టేసి ఉంటారు. ఇనుప పైపు భూమిలోకి పోతుంది కాబట్టి పని జరిగిపోయేది. మధ్యలో ప్లాస్టిక్ ముక్క పడగానే ఆ ఎర్త్ తెగిపోతుంది, ఎవరికీ తెలియదు. గీజర్‌లో కరెంటు లీకైన రోజు తెలుస్తుంది. మీటరు బోర్డు దగ్గర నుంచి వచ్చే ఆకుపచ్చ వైరు ఎక్కడికి పోతోందో చూసి, విడిగా ఎర్త్ గుంత తీయించి, 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. అసలు పై బాత్రూంలో పదేళ్ళ కిందటే సీపీవీసీ వేశారు కాబట్టి, అక్కడి గీజర్‌కు ఇప్పుడు ఎర్త్ ఉందో లేదో ఈ వారంలోనే చూపించుకోండి. పైపులు మార్చినా మార్చకపోయినా ఈ పని చేయాల్సిందే.

కొత్త లైన్ అతికించాక గమ్ ఆరడానికి ఒక రోజు వదలాలి. తర్వాత కొసలన్నీ మూసి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, దాని మీటరు ముల్లు ఎక్కడుందో రాసుకుని రాత్రంతా ఉంచమనండి. పొద్దున ముల్లు అక్కడే ఉంటేనే మిగతా డబ్బు. ఈ షరతు పని మొదలుపెట్టక ముందే చెప్పండి. మధ్యలో చెప్తే పంపు లేదంటారు, బాడుగకు తెచ్చుకోవాలంటారు. ఆ బాడుగ కూడా ధరలోనే కలిపి రాయించుకోండి.